నిచ్చెన ఎక్కని మందు

జూన్ 2

ఇవాళ మళ్లీ కనబడింది. బాత్రూమ్‌లో నీళ్లు కొద్దిగా ఎర్రబడ్డాయి. దాంతోపాటు చీమిడిలాంటి జిగురు.

పైల్స్. ఇంకేం కాదు. పొద్దున ఎక్కి సాయంత్రం దిగేదాకా ఒకే సీటులో కూర్చునేదానికి పైల్స్ కాక ఇంకేం వస్తాయి? క్రేన్ నడిపేవాళ్లలో సగం మందికి ఉంటాయట. ఎవరు చెప్పారో గుర్తులేదు. బహుశా నేనే అనుకుని ఉంటాను.

మా వీధి మందుల షాపులో అడగడానికి మొహం చెల్లక, బస్సెక్కి ఎక్కడో ఇంకో షాపుకి వెళ్లి పైల్స్ ఆయింట్‌మెంట్ కొన్నాను. అక్కడ కూడా "మా అత్తగారికి" అన్నాను. అత్తయ్యా, క్షమించు.

అసలు బాధ రక్తం కాదు. ఉన్నట్టుండి లోపల నుంచి తోసుకొస్తుంది. వస్తే ఆగదు. కట్టే భవనం పద్నాలుగో అంతస్తుకి వచ్చింది, నా క్యాబిన్ దానికీ పైన. కింద ఉన్న బాత్రూమ్‌కి వెళ్లాలంటే క్రేన్ ఆపాలి, అన్ని మెట్ల నిచ్చెనా దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఆ సేపంతా సైటు మొత్తం చేతులు కట్టుకుని నా కోసం చూస్తూ ఉంటుంది. పొద్దున నీళ్లు తాగడం మానేస్తే సరి.

జూన్ 5

కారం మానేశాను. ఇవాళ కనబడలేదు. అంతే, కారమే.

జూన్ 6

కనబడింది. నిన్న కూరలో అత్తయ్య నాకు తెలియకుండా కారం వేసే ఉంటుంది.

జూన్ 11

అత్తయ్యకి ఒక అలవాటుంది. పొద్దున బాత్రూమ్ నుంచి బయటికి రాగానే వార్తలు చదువుతుంది. అయ్యిందా, కాలేదా, గట్టిగానా, మెత్తగానా, మొదటిసారికే అయ్యిందా, రెండోసారి వెళ్లాల్సి వచ్చిందా. మేము టీ తాగుతూ వినాలి. పెళ్లయిన కొత్తలో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు వాతావరణ సూచన విన్నట్టు వింటాను.

ఇవాళ ఆవిడ వార్తలు నా మీదికి తిరిగాయి.

"అమ్మాయ్, నువ్వు అన్నం సరిగ్గా తినట్లేదు. కారం వద్దంటున్నావు. పది నిమిషాలకోసారి బాత్రూమ్‌కి పరిగెడుతున్నావు. నా దగ్గర దాచకు. ఎన్నో నెల?"

నా వయసు నలభై రెండు. నా కూతురు కాలేజీ హాస్టల్లో ఉంది. ఆయన తాగుతున్న టీ ముక్కులోకి పోయింది.

"అత్తయ్యా, మీకో దండం!" అన్నాను.

"దండాలు తర్వాత. బరువులెత్తకు" అంది.

బరువులెత్తడమే నా ఉద్యోగం అని ఆయన గుర్తు చేశారు. అందరం నవ్వాం. నవ్వుతుండగానే తోసుకొచ్చింది. నేను లేచి పరిగెత్తాను. వెనక నుంచి "చూశావురా!" అని అత్తయ్య కొడుకుతో అనడం వినపడింది.

వెళ్తే ఏమీ రాలేదు. రక్తం మాత్రం వచ్చింది. ఈ మధ్య చాలాసార్లు ఇలాగే అవుతోంది.

జూన్ 15

నాన్న చెల్లెలు, మా మేనత్త, పోయేదాకా పైల్సే అంది. ఆయింట్‌మెంటే రాసుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి పేగులో క్యాన్సర్ ముదిరిపోయింది.

ఈ మాట ఇక్కడ రాసినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

ఇవాళ మూడుసార్లు కిందికి దిగాను. మా ఇంజనీరుకి నేను పెట్టుకున్న పేరు గడియారం. మనిషితో మాట్లాడేటప్పుడు కూడా మణికట్టు వంకే చూస్తాడు. మూడోసారి దిగినప్పుడు నన్నొకసారి, చేతినొకసారి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

మా ఆయనకి చెప్పాలి, కానీ చెప్పలేను. సిగ్గు వల్ల కాదు. సరే, సిగ్గు కూడా ఉంది. అయితే పెద్ద కారణం వేరే. నాకు కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పే సిగ్నల్ మనిషి ఆయనే. ఆయన చెబుతారు, నేను చేస్తాను. ఇంట్లో మాత్రం పూర్తిగా తలకిందులని అందరితో అంటుంటారు. పైన కూర్చున్న మనిషికి ఒంట్లో బాగాలేదని తెలిస్తే సిగ్నల్ మనిషి వెంటనే ఇంజనీరుకి చెప్పి తీరాలి, అది సైటు నియమం. ఆయనకి అబద్ధం రాదు. చెప్పిన మరుక్షణం నన్ను దింపేస్తారు. ఒకసారి దింపాక ఆడదాన్ని మళ్లీ ఎవరు ఎక్కనిస్తారు? ఈ సీటు కోసం నేను ఎంతమందితో పోట్లాడానో ఆ నిచ్చెనకి తెలుసు.

కాబట్టి ఆయనకి తెలియకూడదు. తెలియకుండానే తగ్గించుకోవాలి.

జూన్ 19

కంటి పరీక్ష ఉందని సెలవు పెట్టి పేగుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎలా వెళ్లానో నాకే తెలియదు. బస్సు దిగి రెండుసార్లు వెనక్కి తిరిగాను.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. ఏ మాత్రం మొహమాటం లేకుండా అడిగింది.

"వెళ్లొచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలే ఉన్నట్టుంటుందా?"

"ఉంటుంది."

"అర్జెంటుగా పరిగెత్తితే తీరా రక్తం, జిగురు తప్ప ఏమీ రావట్లేదా?"

నాకు ఏడుపొచ్చింది. ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసనుకున్న సంగతి ఈవిడ టైము అడిగినట్టు అడుగుతోంది.

నడుం నొప్పికి రోజూ నొప్పి మాత్రలు వేసుకుంటానని చెప్పాను. అవి ఇలాంటి పేగుని ఇంకా రెచ్చగొట్టొచ్చట, ముందు అవి ఆపమంది. తర్వాత పక్కకి పడుకోబెట్టి, కొసన కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో చూసింది. నొప్పి కంటే ఇబ్బందే ఎక్కువ. నర్సమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. తెర నన్ను కూడా చూడమన్నారు. ఎర్రగా, చెమ్మగా, అక్కడక్కడా ఒలిచినట్టు ఉంది.

"పెద్దపేగులో చిట్టచివరి ముక్క ఇది, జానెడు కూడా ఉండదు. లోపలి పొర వాచి పుండు పడింది, అందుకే రక్తం. లోపల ఏదైనా ఉంటే మనకి కబురు చెప్పడం దీని పని. వాచినప్పుడు ఏమీ లేకపోయినా ఉందనే చెబుతుంది" అంది.

"క్యాన్సరా?"

"నాకలా కనిపించట్లేదు. కానీ కంటితో చూసి తేల్చకూడదు. చిన్న ముక్కలు తీసి పరీక్షకి పంపిస్తున్నా. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా ఇలా వాస్తుంది, దానికీ పరీక్షలు రాశాను. అప్పటిదాకా ఊరికే ఊహించుకోకండి."

ఊరికే ఊహించుకోకుండా ఎలా ఉంటారో కూడా చీటీ మీద రాసిస్తే బాగుండేది.

ఇంటికొచ్చాక "కళ్లు ఎలా ఉన్నాయి?" అని ఆయన అడిగారు. "బాగానే కనిపిస్తున్నాయి" అన్నాను.

జూన్ 26

క్యాన్సర్ కాదు.

మళ్లీ రాస్తాను. క్యాన్సర్ కాదు.

ఇన్‌ఫెక్షన్ కూడా కాదు. ప్రొక్టైటిస్ అట. పేరు బాగానే ఉంది, ఏదో విమానం మోడల్‌లా. శరీరం తన పేగు మీద తనే తిరగబడటం. పెద్దపేగంతా వాచే జబ్బొకటి ఉందట, దానికిది చిన్న చెల్లెలు అంది డాక్టరమ్మ. కొందరికి పైకి పాకుతుంది, చాలామందికి ఆ చివరనే ఉండిపోతుంది. కారం వల్ల రాలేదు. కూర్చోవడం వల్ల రాలేదు. నేను చేసిన పాపం వల్ల రాలేదు. ఆఖరిది నేనే అడిగాను, ఆవిడ నవ్వింది.

"పూర్తిగా పోతుందా?"

"అణుగుతుంది. అణిచి ఉంచడం మన పని. మందుతో చాలామంది హాయిగా ఉంటారు."

ఆ మందు నోట్లోంచి వేసుకునేది కాదు. కింద నుంచి పెట్టుకునే మైనంలాంటి మాత్ర. రోజుకొకటి, రాత్రి పడుకునే ముందు.

రాత్రి ఎలా కుదురుతుంది? మాది ఒకే బాత్రూమ్, తలుపు బయట అత్తయ్య కాపలా. గదిలో ఆయన. "ఏంటది?" అంటారు. అదీగాక, నాకు జబ్బొచ్చేది డ్యూటీలో. రాత్రి పడుకున్నప్పుడు మందు లోపల ఉండి ఎవరికి లాభం? పొద్దున సైటు బాత్రూమ్‌లో పెట్టుకుని ఎక్కేస్తాను. జబ్బు డ్యూటీకొచ్చే వేళకి మందు కూడా డ్యూటీలో ఉంటుంది.

నా తెలివికి నాకే ముచ్చటేసింది.

జూన్ 27

పెట్టుకున్నాను. ఎక్కాను. జారుతున్నట్టు అనిపించింది. అలవాటు లేక.

జులై 3

తగ్గలేదు. అయినా మందు పట్టడానికి టైము పడుతుంది.

జులై 8

తగ్గలేదు. బట్టలకి మైనం మరకలు. అవి నేనే వేరుగా ఉతుక్కుంటున్నాను.

జులై 11

ఎక్కువైంది. నిన్న పగలంతా ఏమీ తినలేదు, అయినా అంతే.

డాక్టరమ్మ నా మొహం చూసి జాలిపడి అబద్ధం చెప్పిందా? ముక్క తీసిన చోట లేదేమో, పక్కన ఉందేమో. మేనత్తకి కూడా మొదట్లో ఏమీ లేదనే అన్నారట. ఎవరన్నారో తెలియదు. మందు పనిచేయట్లేదంటే జబ్బు అది కాదని కదా అర్థం.

జులై 14

ఉన్నదున్నట్టు రాయాలి.

మా పనిలో ఒక పద్ధతుంది. ఆయన ఏ మాట చెప్పినా నేను ముందు దాన్ని తిరిగి చెప్పాలి, తర్వాతే లివర్ కదపాలి. "ఎడమకి నెమ్మదిగా" అంటే "ఎడమకి నెమ్మదిగా" అని నేను పలకాలి. పలకకపోతే పని ఆగాలి. ఇవాళ హుక్కుకి ఇనుప చువ్వల కట్ట వేలాడుతోంది. ఆయన "దించు" అన్నారు. సరిగ్గా అప్పుడే లోపల మెలిపెట్టి తోసుకొచ్చింది. నేను పళ్లు బిగబట్టి సీటు పట్టుకున్నాను. నోరు తెరవకుండానే చెయ్యి లివర్ మీదికి వెళ్లింది. కట్ట కదిలింది.

"ఆపు!"

పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. ఆపాను. కట్ట ఊగింది. కింద ఎవరూ లేరు. ఆయన అంతకుముందే అందరినీ పక్కకి జరిపారట. ఆ తర్వాత ఆయన ఒక్కొక్క మాటా చెప్పి, నేను ఒక్కొక్క మాటా పలికేదాకా ఆగి, దాన్ని నేలమీద పెట్టించారు. అప్పుడు సైటంతా వినే అదే చానల్‌లో, "క్రేన్ ఇవాల్టికి ఆపేస్తున్నాం. నిర్ణయం నాది" అన్నారు.

నేను దిగి సరాసరి బాత్రూమ్‌కి పరిగెత్తాను. ఆలస్యమైంది. ఎంత ఆలస్యమైందో ఇక్కడ కూడా రాయను.

ఇంటికి నడిచొస్తుంటే నాకు ఆయన మీద కోపమొచ్చింది. అందరి ముందు పరువు తీశారని. ఆ కోపం ఎంత దండగో అప్పుడే తెలుస్తోంది కూడా.

అత్తయ్య కూరగాయలకి వెళ్లింది. ఆయన చెప్పులు విప్పి, గుమ్మంలోనే కూర్చున్నారు.

"రోజంతా నీ గొంతు నా చెవిలో ఉంటుంది. నెల రోజుల నుంచీ నువ్వు మాట తిరిగి చెప్పడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకుంటున్నావు. మొదట నా మీద కోపం అనుకున్నా. తర్వాత అమ్మ చెప్పింది నిజమేనేమో అనుకున్నా. ఇవాళ అసలు పలకనే లేదు. ఏమైంది? నాకు భయంగా ఉంది, చెప్పు."

చెప్పేశాను. ఆయింట్‌మెంటు నుంచి మేనత్త దాకా మొత్తం. అబద్ధపు కంటి పరీక్ష కూడా. ఏడుస్తూనే చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇంతా ఒక్కదానివే మోశావా?" అన్నారు. తర్వాత, "ఆ మందేదో తీసుకురా" అన్నారు.

పెట్టెలోని కాగితం మడత విప్పి, లోడు చీటీ చదివినట్టు ఒక్కో ముక్కా పైకి చదివారు. "రాత్రి పడుకునే ముందు. పెట్టుకున్నాక వీలైనంత సేపు లోపలే ఉండనివ్వాలి." తల ఎత్తారు.

"నువ్వెప్పుడు పెట్టుకుంటున్నావ్?"

"పొద్దున. ఎక్కే ముందు."

"ఎక్కే ముందా?"

"డ్యూటీలో పనిచేస్తుందని."

ఆయన పెదవులు బిగబట్టి చూశారు, ఆగలేదు. "అన్ని మెట్ల నిచ్చెనా? పాపం అది సగం దారిలోనే కరిగి దిగిపోయుంటుందే!"

నాకు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఇద్దరం గుమ్మంలో కూర్చుని పిచ్చివాళ్లలా నవ్వాం. అబ్బ, ఎన్నాళ్లయింది!

నవ్వడం అయ్యాక, "ఇంజనీరుకి చెప్పాలి" అన్నారు.

"నన్ను దింపేస్తారండీ."

"దింపుతారు. ఆ కట్ట కింద నేనుంటే?"

మందు కాగితం మళ్లీ మడతపెట్టి పెట్టెలో పెట్టాను.

"నేను చెప్పను. నువ్వే చెప్తావు. నేను పక్కన నిలబడతా" అన్నారు.

జులై 15

చెప్పాను. "పేగు చివర వాపు. రక్తం పడుతుంది. ఉన్నపళంగా వెళ్లాల్సి వస్తుంది. నిన్న అందుకే మాట పలకలేదు." గడియారం మొదటిసారి చేతి వంక కాకుండా నా మొహం వంక చూశాడు.

"డాక్టరు కాగితం తెచ్చేదాకా పైకెక్కొద్దమ్మా" అన్నాడు.

"తెచ్చాక?"

"తెచ్చాక ఆ సీటు మీకే."

అతను మాట మీద నిలబడే రకమో కాదో నాకు తెలియదు. నా క్యాబిన్‌లోకి ఇవాళ వేరే మనిషి ఎక్కాడు. నేను కింద చువ్వల కట్టలకి గొలుసులు తగిలించాను. మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాను. కుదుపుతున్నాడు. నేనైతే అలా కుదపను.

జులై 17

డాక్టరమ్మకి చెబితే తల పట్టుకుంది. "నిలబడితే, ఎక్కితే అది నిలవదండి. పడుకున్నప్పుడే పుండుని అంటిపెట్టుకుని పనిచేస్తుంది. మందు పనిచేయలేదని మీరెలా అనుకున్నారు? మందుకి పని చేసే అవకాశమే ఇవ్వలేదు మీరు." నర్సమ్మ అటు తిరిగి నవ్వుకుంది. పక్కకి తిరిగి పడుకుని పెట్టుకోవడం, ఆ తర్వాత లేవకుండా ఉండటం చూపించింది.

అత్తయ్యకి కూడా చెప్పాం, బాత్రూమ్ రాత్రిపూట నాకు ముందు కావాలి కాబట్టి. మొదట మనవడు లేడని మొహం చిన్నబుచ్చుకుంది. తర్వాత, "రక్తం పడితే నాకు చెప్పాలని తెలీదూ? ఈ ఇంట్లో ఆ సంగతులు మాట్లాడేది నేనొక్కదాన్నే కదా!" అని కోప్పడింది. నిజమే, నా బుద్ధికి తట్టనే లేదు.

జులై 21

కనబడింది. తక్కువ.

జులై 25

లేదు.

జులై 26

లేదు. రాయాలంటే భయంగా ఉంది. అయినా రాశాను.

ఆగస్టు 2

అత్తయ్య మెట్ల మీద పై అంతస్తు దర్జీ ఆవిడతో "మా కోడలికి పేగు వాపు, ఇప్పుడు నయం" అని గట్టిగా చెప్పడం విన్నాను. భూమి చీలితే బాగుండనిపించింది. సాయంత్రం ఆ దర్జీ ఆవిడ తలుపు తట్టింది. చేతిలో ఏమీ లేదు, పని మీద రాలేదు. చాలాసేపు గడపలోనే నిలబడి, వాళ్ల తమ్ముడికి కూడా ఇలాగే రక్తం పడుతోందని, ఎవరికీ చెప్పొద్దన్నాడని, నా డాక్టరు పేరు చెప్తావా అని అడిగింది. చెప్పాను. ఇంకొక మాట కూడా చెప్పాను, పొద్దున మాత్రం పెట్టుకోవద్దని. ఆవిడకేమీ అర్థం కాలేదు.

ఆగస్టు 20

కడుపు నిండా తిన్నాను. కారం కూడా. ఏమీ కాలేదు. నీళ్లు తాగాను, రెండు గ్లాసులు, పొద్దున పూటే. ఎంత చిన్న సుఖమో అనిపించి కళ్లలో నీళ్లొచ్చాయి.

సెప్టెంబర్ 9

మళ్లీ గొట్టం, మళ్లీ తెర. ఈసారి నేనే మెడ చాపి చూశాను. లేత గులాబీ రంగు, నున్నగా. "ఇది నాదేనా?" అని అడిగాను. "మీదే" అంది డాక్టరమ్మ. కాగితం రాసిచ్చింది.

"ఇక మందు ఆపేయొచ్చు కదా?"

"ఆపితే తిరగబెడుతుంది. వారంలో కొన్ని రాత్రులు వాడుతూనే ఉండాలి. మధ్యమధ్యలో ఎప్పుడైనా మళ్లీ కనబడొచ్చు, హడలిపోకండి. వెంటనే ఫోన్ చెయ్యండి. దాచిపెట్టొద్దు, అంతే."

సెప్టెంబర్ 11

ఎక్కాను!

గడియారం మాట మీద నిలబడే రకమే. కాగితం చదివి జేబులో పెట్టుకుని, "కానివ్వమ్మా, టైమవుతోంది" అన్నాడు. దిగాల్సి వస్తే చానల్‌లో చెప్పాలనీ, కారణం అడగకూడదనీ అందరికీ చెప్పాడట. నిచ్చెన ఎక్కుతుంటే మోకాళ్లు నొప్పులు పుట్టాయి, మధ్యలో రెండుసార్లు ఆగాను. క్యాబిన్‌లో ఆ వేరే మనిషి సీటు ఎత్తు మార్చేశాడు, అద్దం మీద వేలిముద్రలు. తిట్టుకుంటూ తుడిచాను. మొదటి లోడుకి ఆయన "పైకి" అన్నారు. నేను "పైకి" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదు.

అక్టోబర్ 23

చాలా రోజులయింది ఇక్కడికి రాక. రాయడానికి ఏమీ లేదు. లోడ్లు ఎక్కాయి, దిగాయి. భవనం పైకప్పు దాకా వచ్చింది. వచ్చే నెల క్రేన్ విప్పి ఇంకో సైటుకి తీసుకెళ్తారు, దాంతోపాటు మమ్మల్ని కూడా.

నవంబర్ 6

పొద్దున కనబడింది. సన్నటి చార, అంతే. మేనత్త మళ్లీ కళ్ల ముందుకొచ్చింది.

బాత్రూమ్ తలుపు తీసి, టీ తాగుతున్న ఆయనకీ, వార్తలు చదవబోతున్న అత్తయ్యకీ చెప్పాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి డాక్టరమ్మకి ఫోన్ కలిపారు. కొన్నాళ్లు రోజూ రాత్రి మందు పెట్టుకోమంది, వచ్చే వారం చూస్తానంది. గడియారానికి కూడా చెప్పేశాను. ఇవాళ కింద పనే.

ఇదంతా పొద్దున్నే జరిగిపోయింది. ఇక్కడ రాస్తున్నది మాత్రం ఇప్పుడు, సాయంత్రం, అందరికీ చెప్పేశాక.